భీమిలి రాళ్ల దగ్గర మీ గాలానికి పడింది లెదర్‌జాకెట్ కాదు

ముందు చెప్పాల్సింది చెప్పేస్తాను, మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం. ఏ చేపో చెప్పమని మీరు ఫొటోలు పంపిన, ఫ్రీజర్‌లో పెట్టిన ఆ చేప విషమున్న పఫర్. దాన్ని వండకండి. తల తీసేసినా, పేగులు తీసేసినా, తోలు ఒలిచినా వద్దు. పిల్లికీ కుక్కకీ కూడా వేయకండి. ఇంట్లో అందరికీ ఇప్పుడే చెప్పి, ఆ కవర్ మీద పెద్ద అక్షరాలతో "విషం" అని రాసి పెట్టండి. మీరు ఆఫీసుకు వెళ్లిన వేళ ఎవరో ఒకరు కూర చేద్దామని తీసే ప్రమాదం ఉంది.

మీరు రాసింది ఇదీ. ఆదివారం సాయంత్రం భీమిలి దగ్గర రాళ్ల మీద నుంచి రొయ్య ముక్క ఎర పెట్టి గాలం వేశారు. రెండుసార్లు హుక్కు దగ్గర దారం కత్తిరించినట్టు తెగిపోయింది. మూడోసారి స్టీలు వైరు కట్టాక ఈ చేప పడింది. పొడవు జానెడు పైచిలుకు, పొలుసు లేదు, పొట్ట వెండిలా తెల్లన, వీపు ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగు. పైకి తీయగానే పొట్ట కాస్త ఉబ్బి గుర్రుమని చప్పుడు చేసింది. ఒక ఫ్రెండ్ ఇది లెదర్‌జాకెట్ అనే తినే చేప అన్నాడు, తోలు ఒలిచి ఫ్రై చేసుకోమన్నాడు. ఇంకొకరు తలా పేగులూ పారేస్తే ఏమీ కాదన్నారు. మీ అమ్మగారు మాత్రం పేరు తెలియని చేప మా వంటింట్లోకి రాదన్నారు. అమ్మగారి మాటే నిలబడాలి.

అది పఫర్ చేప. బుడగ చేప అనీ, కప్ప అనీ ఒక్కో ఊళ్లో ఒక్కో మాట అంటారు. అందులోనూ మీరు పంపిన మూడు ఫొటోలను బట్టి చూస్తే అది లాగోసెఫాలస్ లునారిస్ అనే జాతి. ఈ కుటుంబంలో చాలా చేపలకు విషం కార్జంలో, గుడ్ల సంచిలో, పేగుల్లో, తోలులో ఎక్కువగా ఉంటుంది. ఈ జాతికి కండలో కూడా ఉంటుంది. శుభ్రం చేసుకుంటే చాలు అన్న మీవాళ్ల సలహా దీని విషయంలో పనికిరాదు.

ఎలా చెప్పగలిగానో కూడా వివరంగా రాస్తాను. ఈసారికి నా మాట విన్నా, రేపు రాళ్ల మీద ఉన్నప్పుడు మీ పక్కన నేను ఉండను కదా.

తెలియని చేపను చూడగానే అందరూ మొదట రంగు చూస్తారు. అక్కడే పొరపాటు పడతారు. నీళ్లలోంచి తీసిన పది నిమిషాలకే చేప రంగు మారిపోతుంది. ఐస్‌లో పెడితే ఇంకా మారుతుంది. నేను హార్బర్‌లో తెల్లవారుజామున దిగిన చేపల లెక్కలు రాసే పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. రంగును నమ్మి రాసిన పేర్లు ఎన్నిసార్లు కొట్టేసి మళ్లీ రాశానో చెప్పలేను. నోరు, రెక్కలు, చర్మం, ఈ మూడూ చూడాలి. రంగు చివర్లో.

మీ రెండో ఫొటోలో నోరు తెరిచి పట్టుకున్నారు, చాలా మంచి పని చేశారు. అందులో విడివిడి పళ్లు లేవు. చిలకముక్కులా పైన ఒక పలక, కింద ఒక పలక ఉన్నట్టున్నాయి. ఫొటోను పెద్దది చేసి చూడండి, పై పలక మధ్యలో నిలువుగా ఒక గీత ఉంటుంది, కింది దానికీ అంతే. అంటే పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు. ఈ కుటుంబానికి టెట్రాడాంటిడే అన్న పేరు అందుకే వచ్చింది, నాలుగు పళ్లవి అని దాని అర్థం. ఆ గీత లేకుండా పైన ఒకటే, కింద ఒకటే ఉంటే అది ఒళ్లంతా ముళ్లు ఉండే పోర్క్యుపైన్ చేప. మీ దారం అంత నున్నగా ఎందుకు తెగిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. పీతల డిప్పలూ గుల్లలూ కొరికి నమిలే నోరు అది. వేలు పెడితే వేలు కూడా దక్కదు, హుక్కు తీసేటప్పుడు ప్లయర్ వాడాలి.

లెదర్‌జాకెట్‌కీ దీనికీ తేడా వీపు మీద ఉంది. లెదర్‌జాకెట్‌కు గానీ దాని దగ్గరి చుట్టం ట్రిగ్గర్ చేపకు గానీ కళ్ల వెనక వీపు మీద గట్టి ముల్లు ఒకటి నిక్కబొడుచుకుని ఉంటుంది. వేలితో వెనక్కి నొక్కితే అంత సులభంగా పడుకోదు. మీ చేపకు అక్కడ ముల్లన్నదే లేదు. వీపు రెక్క ఒక్కటే, అదీ బాగా వెనక, తోకకు దగ్గరగా, మెత్తగా ఉంది. దానికి సరిగ్గా కింద అదే సైజులో ఇంకో రెక్క. పొట్ట కింద జతగా ఉండాల్సిన రెక్కలు అసలు లేవు. పండుగప్పను చూడండి, పారను చూడండి, కానాగంతను చూడండి, గొంతు కింద రెండు చిన్న రెక్కలు కనిపిస్తాయి. పఫర్‌కు ఉండవు. మొప్పల మీద పెద్ద తలుపులాంటి డిప్ప కూడా ఉండదు, ప్రక్క రెక్క ముందు చిన్న చీలిక మాత్రమే ఉంటుంది.

ఇంతవరకూ కుటుంబం తేలింది. అసలు చిక్కు తర్వాత ఉంది.

మన తీరంలో పడే పఫర్లలో వెండి పొట్టవి ఒకదానికొకటి కవల పిల్లల్లా ఉంటాయి. లాగోసెఫాలస్ ఇనర్మిస్ అని ఒకటి, దాని వీపు నున్నగా ఉంటుంది. ఇనర్మిస్ అంటే లాటిన్‌లో ఆయుధం లేనిది అని అర్థం. మొప్ప చీలిక చుట్టూ నల్లగా ఉండడం దానికి ఇంకో గుర్తు. లునారిస్ వీపు మీద మాత్రం సన్నని ముళ్ల పట్టీ తల దగ్గర మొదలై వీపు రెక్క మొదలు దాకా వస్తుంది. ఇలాంటి పట్టీయే ఉండి మధ్యలో ఆగిపోయే జాతులు మరికొన్ని ఉన్నాయి. లునారిస్ తోక నెలవంకలా లోపలికి వంపు తిరిగి ఉంటుంది, పేరు కూడా చంద్రుడి నుంచే వచ్చింది. వీపు మీద నల్ల చుక్కలు, పక్కన తల నుంచి తోక దాకా మెరిసే వెండి చార ఉంటే అది సెలరేటస్, అది కూడా చాలా విషపూరితమైనదే. సూయజ్ కాలువ గుండా మధ్యధరా సముద్రంలోకి చేరి, 2003లో టర్కీ తీరంలో మొదటిసారి కనిపించి, ఆ తర్వాత అక్కడి వలలు కొరికి మత్స్యకారులను ఏడిపిస్తున్నది అదే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రోజు తెల్లారగట్ల హార్బర్‌లో ఒక బుట్ట ముందు కూర్చుని, వెండి పొట్ట చూసి అన్నింటినీ ఇనర్మిస్ అని రాసేశాను. పక్కనే వల బాగు చేసుకుంటున్న జాలరి తాత ఒకాయన నా పుస్తకంలోకి చూడలేదు, నా మొహం చూశాడు. బుట్టలోంచి రెండు చేపలు తీసి పక్కపక్కన పెట్టాడు. "బాబూ, కంటితో కాదు, బొటనేలితో సూడు" అన్నాడు. నా బొటనవేలు పట్టుకుని మొదటి చేప తోక వైపు నుంచి తల వైపు రుద్దించాడు. తడి అరిటాకు మీద జారినట్టు జారిపోయింది. రెండోదాని మీద వీపు రెక్క దాటగానే గరుకు కాగితంలా వేలికి తగిలింది. ఆ గరుకు రెక్క మొదట్లోనే మొదలైంది, తల దాకా ఆగలేదు. "ఇది సంపేత్తది" అన్నాడు. ఆయనకు లాటిన్ పేరు తెలియదు. నాకు ఆ పేరు తెలుసు, చేప తెలియదు. ఆ రోజు నుంచి నేను ఏ పఫర్ పేరూ వేలితో రుద్దకుండా రాయలేదు.

మీ మూడో ఫొటో పై నుంచి తీసింది. కిటికీ వెలుగు ఏటవాలుగా పడటం వల్ల వీపు మీద గరుకు చుక్కలు చుక్కలుగా మెరుస్తోంది. ఆ మెరుపు వీపు రెక్క దాకా వచ్చింది, మధ్యలో తెగలేదు. తోక పసుపు ఛాయలో, నెలవంకలా ఉంది. పక్కన చుక్కలు లేవు. ఈ గుర్తులన్నీ కలిసే లునారిస్ అన్నాను. ఒకవేళ ఫొటోలో నా కన్ను ఎక్కడైనా పొరబడి అది ఇంకో పఫర్ అయినా సరే, వండొద్దన్న మాట మారదు.

కొన్ని తీరాల్లో పఫర్లను ఒలిచి తినేవాళ్లు ఉన్నారు, అది నిజమే. మేము తిన్నాం, ఏమీ కాలేదు అని మీకు చెప్పినవాళ్లు కూడా అబద్ధం చెప్పి ఉండరు. వాళ్లు తిన్నది కవలల్లో మొదటిది, అంటే ఇనర్మిస్, అయి ఉంటుంది. లేదా ఆ చేపలో ఆ కాలానికి విషం తక్కువ ఉండి ఉంటుంది. ఈ విషం జాతిని బట్టి, కాలాన్ని బట్టి, చోటును బట్టి, ఒకే బుట్టలోని చేపకూ చేపకూ కూడా మారుతుంది. గుడ్లు పెట్టే రోజుల్లో ఆడ చేపలో ఇంకా పెరుగుతుంది. కాబట్టి నిన్న తిన్నవాడి అనుభవం ఇవాళ మీ పళ్లెంలో ఉన్న ముక్కకు హామీ కాదు. ఫ్రీజర్ ఇంకో ప్రమాదం తెస్తుంది. గడ్డకట్టి కరిగేటప్పుడు పేగుల్లో, తోలులో ఉన్న విషం కండలోకి ఊరుతుంది. మీ చేప ఒకసారి గడ్డకట్టేసింది కూడా.

ఆ విషం పేరు టెట్రోడోటాక్సిన్. 1909లో జపాన్ శాస్త్రవేత్త యోషిజుమి తహారా ఈ చేపల కుటుంబం పేరు మీదే దానికా పేరు పెట్టాడు. పులుసు ఎంతసేపు మరిగించినా అది చావదు, చింతపండుకీ ఉప్పుకీ లొంగదు. పెద్దమనిషి ప్రాణం తీయడానికి సుమారు 2 మిల్లీగ్రాములు చాలంటారు. నరాల్లో సంకేతం నడవడానికి సోడియం వెళ్లే సన్నని దారులు ఉంటాయి. ఈ విషం వాటికి బిరడా వేస్తుంది. ముందు పెదవులు, నాలుక తిమ్మిరి ఎక్కుతాయి, తర్వాత వేళ్లు, వాంతులు, కాళ్లు తూలడం, మాట ముద్దగా రావడం. చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. మనిషికి స్పృహ ఉంటుంది, కదలలేడు, మాట్లాడలేడు. విరుగుడు మందు లేదు. ఆ విషం శరీరంలోంచి పోయేదాకా వెంటిలేటర్‌తో ఊపిరి అందిస్తే మనిషి బతుకుతాడు.

2008 ఏప్రిల్ నుంచి జూన్ లోపల బంగ్లాదేశ్‌లో మూడు జిల్లాల్లో, నర్సింగ్డి, నాటోర్, ఢాకాలలో, పఫర్ తిని 95 మంది విషం బారిన పడ్డారు. అందులో 14 మంది ఊపిరి ఆగి చనిపోయారు. అది మన బంగాళాఖాతం ఒడ్డునున్న దేశమే.

అందుకే, ఇంట్లో ఎవరైనా ఇలాంటి చేప తిని పెదవులు తిమ్మిరి అన్నారంటే, కాసేపు చూద్దాం అనుకోవద్దు. మజ్జిగ, నిమ్మరసం అంటూ టైం పోగొట్టవద్దు. 108కి ఫోన్ చేసి వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లండి. "పఫర్ ఫిష్ తిన్నారు" అని మొదటి వాక్యంలోనే చెప్పండి, మిగిలిన కూరో చేప తలో ఉంటే కవర్‌లో వెంట పట్టుకెళ్లండి. దారిలో ఊపిరి ఆగితే నోటి ద్వారా ఊపిరి ఊదుతూనే ఉండాలి. మనిషి కట్టెలా పడి ఉన్నాడని వదిలేయకూడదు, అతనికి మీ మాటలన్నీ వినిపిస్తూ ఉండవచ్చు.

పేరు తేల్చకముందే వండే తొందర కొత్తది కాదు. 1774 సెప్టెంబర్‌లో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ కుక్ ఓడ పసిఫిక్‌లోని న్యూ కాలెడోనియా దీవి దగ్గర ఆగినప్పుడు, అక్కడివాళ్ల దగ్గర కొన్న ఒక కొత్త చేపను రాత్రి భోజనానికి సిద్ధం చేయించారు. ఓడలో ఉన్న ప్రకృతి శాస్త్రజ్ఞులు, ఫోర్‌స్టర్ తండ్రీకొడుకులు, ఆ చేప బొమ్మ గీసి, వివరాలు రాసుకునేసరికి బాగా పొద్దుపోయింది. దాంతో కార్జమూ గుడ్ల సంచీ మాత్రమే వండారు, కుక్, ఫోర్‌స్టర్‌లు రుచి చూసి వదిలేశారు. తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకు ఒళ్లంతా తిమ్మిరెక్కి, చేతుల్లో బరువు తెలియకుండా పోయింది. పేగులు తిన్న పంది పొద్దున్నకి చచ్చి పడి ఉంది. కొంచెం రుచి చూసి వదిలేయడమే వాళ్లను కాపాడింది. ఆ సంగతి కుక్ తన డైరీలో స్వయంగా రాసుకున్నాడు.

ఇక మీరు ముందు ముందు ఫొటోలు తీసేటప్పుడు. ఈసారి బాగానే తీశారు కానీ మొదటి ఫొటో చేత్తో పట్టుకుని, చెయ్యి ముందుకు చాచి తీసింది. అలా తీస్తే చేప పెద్దగా కనిపిస్తుంది, రెక్కలు ముడుచుకుపోతాయి. చేపను తడి బల్ల మీద తల ఎడమ వైపు వచ్చేలా పడుకోబెట్టండి. పక్కన స్కేలు పెట్టండి, లేకపోతే ఒక నాణెం. వీపు రెక్కనూ తోకనూ పుల్లతో విప్పి పట్టుకుని ఒకటి, నోరు దగ్గరగా ఒకటి, పై నుంచి ఒకటి, పొట్ట వైపు ఒకటి తీయండి. బతికుండగానే తీస్తే రంగు కూడా దక్కుతుంది. ఎక్కడ పట్టారు, నీళ్లు ఎంత లోతు, అడుగున రాయా ఇసకా, ఏ ఎర, ఏ తేదీ, ఇవి ఫోన్‌లో రాసి పెట్టుకోండి. కొన్నిసార్లు ఫొటోలో తేలని పేరు ఆ ఒక్క లైనుతో తేలిపోతుంది.

తోలు తీసి ముక్కలు కోసిన తర్వాత మాత్రం నన్నే కాదు, ఎవరినీ అడగకండి. ఒకసారి తెలిసినవాళ్లు మార్కెట్‌లో కొన్న తెల్లని ముక్కలు తెచ్చి ఇది ఏ చేపో చెప్పమన్నారు. పొలుసు లేదు, తల లేదు, తోక లేదు. నేను చెప్పలేకపోయాను, పారేయించాను. వాళ్లకు కోపం వచ్చింది. ఇప్పటికీ అదే చేస్తాను.

తెలియని చేపను పట్టుకునే ముందు చేతుల సంగతీ చూసుకోండి. పఫర్‌ను ముట్టుకుంటే విషం ఎక్కదు, కొరుకుతుందంతే. కానీ అదే రాళ్లలో స్కార్పియన్ చేపలు, లయన్ చేపలు ఉంటాయి, వాటి వీపు ముళ్లలో విషం ఉంటుంది. ఇంగిలాయి చేప ముల్లు, టేకు చేప (స్టింగ్‌రే) తోక ముల్లు సంగతి మన మత్స్యకారులు ఎవరిని అడిగినా చెబుతారు. ముల్లు దిగితే ఆ చోటును ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో గంటా గంటన్నర ఉంచితే నొప్పి తగ్గుతుంది. కాలకుండా వేడిని ముందు మామూలు చేత్తో చూసుకోవాలి. తర్వాత డాక్టర్ దగ్గరకు వెళ్లాలి.

మీ చేపను ఏం చేయాలని అడిగారు. విశాఖలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఆంధ్రా యూనివర్సిటీలో సముద్ర జీవుల మీద పనిచేసే విభాగం ఉంది. ముందు ఫోన్ చేసి, తీసుకుంటామంటే అలాగే కోయకుండా, పట్టిన చోటు, తేదీ రాసిన చీటీతో ఇవ్వండి. అక్కర్లేదంటే రెండు కవర్లలో చుట్టి కుక్కలు తవ్వలేనంత లోతుగా పాతిపెట్టండి. బీచ్‌లో పారేయకండి. పెట్టిన డబ్బానూ ట్రేనూ సబ్బుతో బాగా కడగండి. ఇంకోసారి గాలానికి పడితే బల్ల మీదకు కూడా తేవద్దు, నీళ్ల దగ్గరే దారం కోసి వదిలేయండి.

మీ మొదటి ఫొటోలో మూలన, వేరే కవర్‌లో ఇంకో చేప కనిపిస్తోంది. దాని గురించి మీరు అడగలేదు. గడ్డం కింద రెండు మీసాలు, పక్క మీద బంగారు రంగు మచ్చ, తోక మొదట్లో నల్ల మచ్చ. 1780ల్లో విశాఖలో ఉన్న ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు, ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడు, ఇక్కడి చేపలు రెండు వందలకు బొమ్మలు గీయించి, మన జాలర్లు చెప్పిన తెలుగు పేర్లతోనే రాసి పెట్టాడు, 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చయింది. రక్తపింజరికి ఇంగ్లీషులో ఉన్న రస్సెల్స్ వైపర్ అన్న పేరు ఆయనదే. ఆ పుస్తకంలో ఈ చేప కూడా ఉంది, రాతి గులివింద అని. ఇవాళ కూడా గులివింద అనే అంటున్నాం. అది మంచి చేప, ఇంకా తాజాగానే ఉంటే పొలుసు తీసి, కారం ఉప్పు పట్టించి వేయించుకోండి. అమ్మగారికి పేరు చెప్పి మరీ ఇవ్వండి.